తలుపు లోపలి పేర్లు

నా కతార్ ఐడీ కార్డు మీద వృత్తి అన్నచోట వాల్‌పేపర్ ఫిక్సర్ అని ఉంటుంది. పదకొండేళ్ళుగా అదే. గోడకి కాగితం అంటించేవాడు అని దానర్థం. ఆ మాట కనబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మాది బందరు దగ్గర ఊరు. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం అద్దకం గుడ్డలకి కొయ్య అచ్చులు చెక్కినవాళ్ళం. నేను ఆరో తరగతిలో ఉలి పట్టాను. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చి అచ్చుల పని పడిపోతే ఈ ఇసుక దేశానికి వచ్చాను. బంక, బ్లేడు, గోడ, ఇదే బతుకు. నా చేతికి ఉలి తెలుసని ఇక్కడ ఎవరికీ తెలీదు, చెప్పినా వినే తీరిక ఎవరికీ లేదు.

అచ్చు పని గురించి ఒక్క సంగతి చెప్పాలి. అచ్చు మీద బొమ్మ తిరగబడి ఉండాలి. చిలక కుడికి చూస్తున్నట్టు గుడ్డ మీద పడాలంటే అచ్చులో ఎడమకి చూడాలి. అందుకని గీసిన కాగితాన్ని టేకు చెక్క మీద బోర్లా అతికించి, వెనకనుంచి కనబడే గీతల వెంట చెక్కుతాం. చిన్నప్పట్నించీ అలా చెక్కీ చెక్కీ మా కంటికి తిరగబడ్డ బొమ్మే సరైన బొమ్మ. మా నాన్న క్యాలెండర్ మీద పటం చూసి, వీడెవడో ఎడమచేత్తో దీవిస్తున్నాడేంట్రా అనేవాడు. ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం.

రెండేళ్ళ క్రితం మా ఇంటీరియర్ కంపెనీకి లుసైల్‌లో ఒక విల్లా పని వచ్చింది. యజమానురాలు లండన్‌లో చదువుకున్న కతారీ ఆవిడ, ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. మేడం అనేవాళ్ళం. పుస్తకాల గది ఒకటి విక్టోరియా కాలం నాటి ఇంగ్లండు ఇళ్ళలాగా కావాలంది. చేత్తో అద్దిన కాగితం అక్కణ్ణించే తెప్పించింది. తీగలు, దానిమ్మ కాయలు, ఆకుల మధ్యన పిట్టలు. చుట్ట విప్పి చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అది అచ్చు పని. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. ఆకు అంచున రంగు కాస్త ఒలికిన చోట చెయ్యి ఎంత బరువుగా పడిందో కూడా చెప్పగలను. ఇక్కడికొచ్చిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి గోడకి కాగితం అంటిస్తూ ఈలవేశాను.

మేడం అది గమనించి, ఎందుకంత సంతోషమని అడిగింది. నా వచ్చీరాని ఇంగ్లీషులో మా ఇంటి పని చెప్పాను. మర్నాడు ఆవిడ పెద్ద పుస్తకం ఒకటి పట్టుకొచ్చి కింద పరిచిన ప్లాస్టిక్ మీదే కూర్చుని పేజీలు తిప్పుతూ చెప్పింది. ఆ కాలంలో యంత్రాలు వచ్చి ఇంట్లో సామానంతా నాసిగా, ఒకే అచ్చున తయారైందట. కొందరు చిత్రకారులకి అది గిట్టలేదట. పటం గీసి గోడకి తగిలిస్తే సరిపోదు, గోడే అందంగా ఉండాలి, కుర్చీ, బీరువా, కిటికీ అద్దం, దుప్పటి అన్నీ అంతే శ్రద్ధగా చెయ్యాలి అన్నారట. పేరున్న చిత్రకారులు బీరువా తలుపుల మీద బొమ్మలు వేశారు. స్నేహితులంతా కలిసి ఒక ఇల్లు కట్టుకుని గోడలకి వాళ్ళే రంగులద్దారు, ఆడవాళ్ళు తెరలు కుట్టారు. పటం వేసేవాడు గొప్ప, బీరువా చేసేవాడు తక్కువ అనే లెక్క తప్పని వాళ్ళ వాదం. ఇదంతా చేస్తే చివరికి అవి కొనగలిగింది గొప్పవాళ్ళేనట, అందుకు వాళ్ళలో ఒకాయన చాలా బాధపడ్డాడని మేడం చెప్పింది. బాధపడే ఉంటాడు, పాపం.

పుస్తకంలో ఒకచోట అచ్చుల ఫొటో ఉంది. కింద ఆ డిజైను గీసినాయన పేరు. నేను పేజీ అటూ ఇటూ తిప్పి, మరి ఈ అచ్చు చెక్కినవాడి పేరేదీ అని అడిగాను. ఆవిడ వెతికింది. లేదు. ఇంకో పేజీ చూసింది, అక్కడా లేదు. తక్కువా ఎక్కువా లేదన్న మహానుభావులు చెక్కినవాడి పేరు ఒక మూల రాయలేకపోయారా అని నేను కాస్త గట్టిగానే అన్నాను. పక్కనున్న మా ఈజిప్టు ఇంజినీరు నా వైపు గుడ్లురిమి చూశాడు. మేడం మాత్రం చాలాసేపు ఆ ఫొటో చూసి, నీ మాట నిజమే అంది.

ఆ మాట మీదే బీరువా మొదలైంది. గదిలో కిటికీ పక్క గోడకి రెండు తలుపుల టేకు బీరువా రావాలి. కాగితం మీది తీగ వచ్చి బీరువా తలుపుల మీద చెక్కడంగా సాగి, అవతల మళ్ళీ కాగితంలో కలవాలి. కంపెనీ వాళ్ళు యంత్రంతో చెక్కిద్దామన్నారు. మేడం ఒప్పుకోలేదు. నా చేత చెక్కించమంది. పని బాగుంటే తలుపు లోపల చేసినవాళ్ళ పేర్లు ఉండాలంది. నా కార్డు మీద వృత్తి కూడా మార్పిస్తానని ఇంజినీరు ఆవిడ ముందు మాటిచ్చాడు. ఆ సాయంత్రం అల్ వక్రాలో ఉన్న మా రూముకి మెట్రోలో వెళుతూ, పక్కవాడెవడో తెలీకపోయినా వాడికి ఇదంతా చెప్పాను.

బీరువా చెయ్యాల్సిన వడ్రంగి సనయ్యాలో, అంటే ఫ్యాక్టరీలుండే పేటలో, మా కంపెనీ వర్క్‌షాపులోనే ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఇంటి దగ్గర తరతరాల వడ్లపని. ఇక్కడికొచ్చాక మాత్రం పదిహేనేళ్ళు సెంట్రింగు చేశాడు. పరంజీ ఎక్కి, కాంక్రీటుకి ప్లైవుడ్ కొట్టి, ఎండలో దిగి మళ్ళీ ఎక్కి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఎందరి కాళ్ళో పట్టుకుని చివరికి వర్క్‌షాపులోకి వచ్చాడు. నీడ పట్టున, బల్ల దగ్గర నిలబడి చేసే పని. ఇది పోతే మళ్ళీ పరంజీయే, ఈ మోకాళ్ళతో పరంజీ ఎక్కలేనని ఆయన ఎన్నిసార్లన్నాడో. ఆయన చేసిన తలుపు జాయింటులో గోరు దూరదు. మేకు లేకుండా బీరువా మొత్తం నిలబెట్టాడు. తలుపులు నాకిచ్చేముందు చిత్రిక పట్టి, బుగ్గకి ఆనించి చూసుకున్నాడు.

నేను గోడ మీది కాగితంలోంచి తీగని ట్రేసింగ్ పేపర్ మీదకి దించుకొచ్చాను. తలుపులు బల్ల మీద పక్కపక్కన పెట్టి, బంక రాసి కాగితం అతికించాను. ఆయన అవతల రంపానికి పదును పెడుతున్నవాడల్లా లేచి వచ్చి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, తమ్మీ, గీ కాయితం అంటూ ఏదో అనబోయాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మేడం, పుస్తకం, పేరు, ఇవన్నీ తలకెక్కి ఉన్నాయి. నేల మీద నడవడం మానేసి అప్పటికి వారమైంది.

"అన్నా, ఇది చెక్కడం పని, మీకు తెలీదు. మీ పని మీరు చూసుకోండి," అన్నాను.

సరే అన్నాడు. వెళ్ళి రంపం పట్టుకున్నాడు.

నలభై రోజులు చెక్కాను. నా జన్మలో అంత బాగా ఏదీ చెక్కలేదు. దానిమ్మ కాయ పగిలిన చోట గింజ గింజకీ లోతు ఇచ్చాను. పిట్ట రెక్కలో ఈకలు వేలితో తడిమితే తెలుస్తాయి. రోజూ సాయంత్రం చెక్కపొట్టు ఊది, వెనక్కి జరిగి చూసుకునేవాణ్ణి. ఎంత చూసినా తప్పు కనబడలేదు. ఇంజినీరు వచ్చి చూసి భుజం తట్టాడు. ఆయనకి గోడ మీది తీగ ఎటు పోతుందో గుర్తులేదు. నాకు గుర్తుంది, కానీ నా కంటికి అంతా సరిగ్గానే ఉంది.

బీరువా తీసుకెళ్ళి లుసైల్ గదిలో గోడకి నిలబెట్టి, అన్న తలుపులు బిగించి పక్కకి జరిగాడు. కాగితం మీద తీగలన్నీ కిటికీ వైపు వంగి ఉన్నాయి. బీరువా మీద తీగలన్నీ కిటికీకి వీపు పెట్టి గుమ్మం వైపు వంగి ఉన్నాయి. కాగితం మీద కొమ్మ వచ్చి బీరువా అంచున టక్కున తెగిపోయింది. గోడ మీది పిట్టలూ బీరువా మీది పిట్టలూ అలిగినవాళ్ళలా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. కాగితం బోర్లా అతికించాను. అచ్చుకి అతికించినట్టు అతికించాను. చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. నలభై రోజులు చెక్కింది బీరువా తలుపు కాదు, మనిషంత అచ్చు.

ఇంజినీరుకి తెలియలేదు. ఆయనకి తోచింది ఒకటే, వడ్రంగి కుడి తలుపు ఎడమకీ, ఎడమ తలుపు కుడికీ బిగించాడని. అందరి ముందూ కేకలేశాడు. పదిహేనేళ్ళు ప్లైవుడ్ కొట్టినవాణ్ణి బీరువా దగ్గరికి రానివ్వడం తనదే తప్పన్నాడు. యల్లా, ఇప్పుడే మార్చు అన్నాడు. అన్న అటూ ఇటూ చూశాడు. నా వైపు కూడా చూశాడు. చెబుదామనే అనుకున్నాను, ఒక్క ఊపిరి తీసుకుని చెబుదామనుకున్నాను. ఈలోగా కార్డు మీద మారబోయే వృత్తి గుర్తొచ్చింది, తలుపు లోపల పేరు గుర్తొచ్చింది. ఊపిరి తీసుకున్నాను, చెప్పలేదు.

అన్న తలుపులు ఊడదీశాడు. బందులు రెండో అంచుకి మార్చాలంటే అక్కడ కొత్తగా గాడులు తియ్యాలి. నున్నగా, అద్దంలా చేసుకున్న తన తలుపుల అంచుల్ని తనే ఉలితో కొట్టాడు. మార్చి బిగిస్తే ఇంకా ఘోరం. ఇందాక కనీసం రెండు తలుపుల మధ్య తీగ కలిసి ఉంది, ఇప్పుడు అదీ తెగింది. మళ్ళీ ఊడదీసి పాత చోటికే బిగించాడు. కొత్తగా తీసిన గాడులు రెండు తలుపులూ కలిసే అంచున నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చెక్కముక్కలు కోసి వాటిని పూడ్చాడు. ఎంత నేర్పుగా పూడ్చినా అతుకు అతుకే. ఇంజినీరు వాటినీ ఫొటో తీశాడు. మేడం ఊళ్ళో లేదు, వచ్చేలోగా ఎవరిమీదో చర్య తీసుకున్నట్టు చూపించాలి. మూడో రోజుకి అన్నని అల్ ఖోర్‌లో కడుతున్న క్వార్టర్ల సైటుకి పంపేశారు. సెంట్రింగు. ఎండలు ముదురుతున్న రోజులు.

ఆయన పెట్టె సర్దుకుంటుంటే నేను పెయింటు కొనే నెపంతో బయటికి పోయాను. తేలు కుట్టిన దొంగలా ఆ మధ్యాహ్నమంతా దుకాణాల ముందు తిరిగాను.

శుక్రవారం ఇక్కడ సెలవు, చర్చిలో మా తెలుగువాళ్ళ ఆరాధనకి వెళ్ళాను. ఆ వారం ప్రభువు బల్ల, మనసులో తప్పు దాచుకున్నవాడు ఆ రొట్టె ముట్టకూడదు. రొట్టె ముక్కలున్న పళ్ళెం వరసలోంచి చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నేను తీసుకోకుండా పక్కాయనకి అందించాను. ఆయన, ఒంట్లో బాలేదా అని మెల్లగా అడిగాడు. కడుపులో బాలేదన్నాను. గుళ్ళో కూర్చుని అదొక అబద్ధం. ఆ పుస్తకంలో మంచి పనికి చెక్కినవాడి పేరు రాయలేదని ఎగిరిపడ్డవాణ్ణి, నేను చేసిన చెడ్డ పనికి ఇంకొకడి పేరు రాస్తుంటే కిమ్మనకుండా ఊరుకున్నాను. పాట మొదలైంది, అందరితోపాటు లేచి నిలబడ్డాను.

రెండు వారాలకి మేడం వచ్చింది. గదిలోకి వచ్చి బీరువా ముందు ఆగిపోయింది. ఇంజినీరు గబగబా, వడ్రంగి పొరపాటు, వాణ్ణి తీసేశాం, కొత్త తలుపులు చేయిస్తాం అని చెప్పుకుపోతున్నాడు. ఆవిడ వినలేదు. ఫోన్‌తో బీరువా ఫొటో తీసి, ఆ ఫొటోని తెరమీద అద్దంలో బొమ్మలా కుడి ఎడమకి, ఎడమ కుడికి తిప్పింది. తిప్పి గోడ పక్కన పెట్టి చూసింది. తీగ తీగతో కలిసింది. నా వైపు తిరిగి, ఇది నువ్వు అచ్చులా చెక్కావు కదూ అని నవ్వింది.

అప్పుడు చెప్పాను. తప్పు నాదని, వడ్రంగికి ఏ పాపం తెలీదని, ఆ రోజే నాకు తెలుసని. ఇంజినీరు మొహం మాడిపోయింది. మేడం కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడలేదు, ముచ్చటపడింది. యంత్రం ఇలాంటి తప్పు చెయ్యలేదు, అచ్చు చెక్కేవాడి కన్నే చెయ్యగలదు, తలుపులు మార్చవద్దు, ఇవే ఉండాలి అంది. ఆవిడ ముచ్చట చూస్తుంటే నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజే నేను నోరు తెరిచి ఉంటే నాకూ ఏమీ అయ్యేది కాదు. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

వడ్రంగిని వెనక్కి తెప్పించమని మేడం గట్టిగానే చెప్పింది. ఇన్షాఅల్లా అన్నాడు ఇంజినీరు. తరవాత నేను ఆఫీసు చుట్టూ తిరిగితే, వర్క్‌షాపులో ఆయన బల్ల దగ్గరికి అప్పటికే వేరే మనిషి వచ్చాడన్నారు. చూద్దామన్నారు. తప్పంతా నాదని కాగితం రాసిస్తానన్నాను. అవసరం లేదు, ఖలాస్, ఆ ఫైలు మూసేశామన్నారు. నాకు చేతనైంది ఒక్కటే మిగిలింది. మేడం పేర్లు చెక్కమంది కదా, ఎడమ తలుపు లోపల ముందు అన్న పేరు తెలుగులో, ఇంగ్లీషులో లోతుగా చెక్కాను. దాని కింద చిన్నగా నా పేరు. ఈసారి కాగితం మూడుసార్లు చూసి అతికించాను. ఫొటో తీసుకున్నాను, ఆయనకి చూపించాలని.

శుక్రవారం ఆరాధన కాగానే మెట్రోలో లుసైల్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కి అల్ ఖోర్ క్యాంపుకి వెళ్ళాను. అన్న మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. రెండూ వాచి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. తిన్నవా అని అడిగాడు. ప్లాస్కులోంచి చాయ్ పోసిచ్చాడు. నేను గ్లాసు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. కాగితం బోర్లా అతికించింది నేనేనని, తెలిసీ ఊరుకున్నానని, క్షమించమని. ఆయన నూనె రాసుకుంటూనే విన్నాడు.

"నాకు ఎరికేనాయె తమ్మీ," అన్నాడు. "నువ్వు కాయితం అతికిచ్చిన్నాడే సూసిన. చెప్పబోయిన గద, నా పని నన్ను జూస్కొమ్మంటివి. ఆర్టిస్టువి, మేడమంతటామె నిన్ను మెచ్చుకున్నది, నీకు తెల్వదా అనుకొని ఊకున్న."

నాకు తల కొట్టేసినట్టయింది. మరి ఇంజినీరు మీ మీద అరిచినప్పుడైనా చెప్పొచ్చు కదన్నా అన్నాను.

"నేను జెప్తే ఎవడింటడు? నువ్వు జెప్తవని నీ మొకం దిక్కే సూసిన," అన్నాడు.

ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన కాసేపు చూసి, ఏడ్వకు, చాయ్ చల్లారుతది అన్నాడు. నాకు ఇంకేమివ్వాలో తెలియక ఫోన్ తీసి ఫొటో చూపించాను. మీ పేరే పైన ఉందన్నా, ఆ ఇల్లున్నంతకాలం ఉంటుంది అన్నాను. ఆయన కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. పేరు వైపు ఒక్కసారి చూశాడు, అంతే. వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి తలుపు అంచుకి జరిపాడు. పూడ్చిన గాడుల దగ్గర ఆపాడు. చాలాసేపు అక్కడే చూశాడు.

"గీ అతుకులు కండ్ల వడుతున్నయి," అన్నాడు. "పనోడు ఎవడన్న రేపు ఆ తలుపు తెరుస్తడు. అంచు సూస్తడు, పక్కకే నా పేరు సదువుతడు. గిట్ల చెక్కను ఖరాబు జేసినోడు గీడేనా అనుకుంటడు. తీసెయ్ తమ్మీ."

అది మీ తప్పు కాదని అందరికీ చెబుతానన్నాను. తలుపు దగ్గర నిలబడి అందరికీ చెబుతవా అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, మళ్ళీ నూనె సీసా అందుకున్నాడు.

విల్లా అప్పగించడానికి రెండు రోజుల ముందు నేను ఒక్కణ్ణే ఆ గదికి వెళ్ళాను. ఎప్పటికీ ఉండాలని లోతుగా చెక్కానేమో, ఆ పేరు పోవడానికి ఒక పూటంతా పట్టింది. ముందు ఉలితో, తరవాత చిత్రికతో, చివరికి గరుకు కాగితంతో రుద్దాను. టేకు మీద ఆ మేర కాస్త పల్లమైంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. దాని కింద నా పేరు అలాగే ఉంది.